గాదె, గిడ్డంగి, అతిథి: ప్రవాసాంధ్ర రచనలో వెచ్చాల దృశ్యం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికాలోని తెలుగువారి కథల్లో, అనుభవ వ్యాసాల్లో గిడ్డంగి దుకాణానికి వెళ్లి నెలలకు సరిపడా సరుకులు తెచ్చుకునే సందర్భం తరచు కనిపిస్తుంది. సాధారణంగా దీనిని వినిమయ సంస్కృతికి నిదర్శనంగానో, ఇంటిమీది బెంగకు గుర్తుగానో చదువుతారు. ఈ రెండు పఠనాలూ నిల్వ పరిమాణాన్ని చూస్తాయి. ఆ నిల్వలో ఎవరెవరికి పాలున్నదన్న సంగతిని పట్టించుకోవు. కృష్ణా డెల్టా గృహస్థు గాదెకూ ప్రవాసి ప్యాంట్రీకీ ఉన్న పోలికను, భేదాన్ని ‘పంపకం’ అనే కొలమానంతో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ప్రవాస సాహిత్యం, వెచ్చాలు, కృష్ణా డెల్టా, గిడ్డంగి దుకాణం, ఆతిథ్యం, సోనా మసూరి.

1. ఉపోద్ఘాతం

అమెరికా తెలుగు రచన అర్ధశతాబ్దం దాటింది. 1994లో ఏర్పడిన వంగూరి ఫౌండేషన్ ఆఫ్ అమెరికా వెలువరించిన కథా సంకలనాలు, 1998లో మొదలైన ‘ఈమాట’ పత్రిక ఆ రచనకు స్థిరమైన వేదికలయ్యాయి. ఈ సాహిత్యంపై వచ్చిన విమర్శ ఎక్కువగా భాష, పిల్లల పెంపకం, దాంపత్యం, వృద్ధులైన తల్లిదండ్రుల ఒంటరితనం వంటి అంశాల చుట్టూ తిరిగింది. అవి పెద్ద అంశాలే. అయితే వాటన్నింటికీ వేదికగా నిలిచే చిన్న సందర్భాలు విమర్శకుల దృష్టికి అంతగా రాలేదు. శనివారం ఉదయం కాస్ట్‌కోకు వెళ్లడం అటువంటి సందర్భం.

ఈ దృశ్యం పాఠకులకు పరిచితమైనదే. మనిషి నడుం ఎత్తు బండి, అందులో గ్యాలన్ల పాలు, పది పౌండ్ల ఉల్లిపాయల సంచి, నూనె డబ్బాలు, పేపరు టవళ్ల కట్ట. పక్కన ఇండియా నుంచి వచ్చిన తండ్రి డాలర్లను రూపాయల్లోకి మార్చుకుంటూ నడుస్తుంటాడు. ఇల్లు చేరాక సరుకు సర్దడానికి చోటు చాలదు. ఒకప్పుడు ఆ దుకాణం పేరు రాస్తే స్వదేశంలోని పాఠకునికి వివరణ ఇవ్వవలసి వచ్చేది. బిడ్డల దగ్గర ఆరేసి నెలలు ఉండి వచ్చిన తల్లిదండ్రులు పెరిగాక విజయవాడ, గుడివాడ, తెనాలి పాఠకులకు ఆ పేరు ఒక ఊరి పేరంత సహజమైంది. ఇంత పరిచితమైన దృశ్యం కనుకనే దాన్ని పరీక్షించడం అవసరం. పరిచయం ముదిరిన చోట చదివే పద్ధతి కూడా అలవాటుగా మారుతుంది. ఈ వ్యాసం ఏ ఒక్క రచననో విడిగా తూచదు. పదే పదే వచ్చే ఈ దృశ్యపు నిర్మాణాన్ని, దానిపై అలవాటైన వ్యాఖ్యానాన్ని పరిశీలిస్తుంది.

2. ‘వెచ్చాలు’ అనే మాట

ఇంటికి తెచ్చే తిండి సరుకులకు తెలుగులో ఎన్నో మాటలున్నాయి: సరుకులు, దినుసులు, సంబారాలు, పచారీ సామాను, కిరాణా. వీటిలో ‘వెచ్చాలు’ గమనించదగినది. సంస్కృతంలోని ‘వ్యయ’ శబ్దం నుంచి వచ్చిన ‘వెచ్చము’నకు ఖర్చు అని అర్థం. ‘వెచ్చించు’ క్రియ దాని నుంచి ఏర్పడినదే. అంటే ఈ మాటలో సరుకు ఇంట్లోకి రావడం కంటే ఇంట్లో ఖర్చు కావడమే ప్రధానం. దాచినా, అది ఖర్చు చేయడానికే దాచినది.

నిల్వను గూర్చి తెలుగు నుడికారంలో ఉన్న నైతిక దృష్టి కూడా ఇటువంటిదే. ‘పెట్టిపుట్టినవాడు’ అన్న మాట కలిమిని పూర్వజన్మలో చేసిన దానానికి ముడివేస్తుంది. ‘గాదె కింది పందికొక్కు’ అన్న నిందలో తప్పు తినడం కాదు. పాలు లేని చోట, ఎవరికీ తెలియకుండా తినడం. గాదెలోని ధాన్యానికి లెక్క తెలిసిన పాలుదారులు ఉంటారన్న భావన ఆ నిందకు ఆధారం.

కావ్యసాహిత్యంలో ఈ భావనకు గొప్ప ఉదాహరణ ‘ఆముక్తమాల్యద’. కళింగ దండయాత్ర సందర్భంలో విజయవాడలో కొన్నాళ్లు ఉండి, ఏకాదశినాడు కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువును సేవించినప్పుడు స్వప్నంలో ఈ కావ్యరచనకు ఆదేశం లభించినట్లు కృష్ణదేవరాయలు పీఠికలో చెప్పుకున్నాడు. కథాస్థలం విల్లిపుత్తూరు అయినా, కావ్యసంకల్పానికి చోటు కృష్ణా డెల్టాయే. అందులో విష్ణుచిత్తుడు ఋతువును బట్టి అతిథులకు వేర్వేరు భోజనాలు పెడతాడు. జడివాన రోజుల్లో కొబ్బరి చిప్పలు వంటచెరకవుతాయి. వరుగులు, వడియాలు విస్తట్లోకి వస్తాయి. ముందుచూపు లేనిదే ఆ భోజనం సాధ్యం కాదు. అయినా కావ్యం ఆ ఇంటిని నిల్వల ఇల్లుగా చూపించదు. నిల్వ కనిపించేది అతిథి విస్తట్లోనే. తెలుగు సాహిత్యం నిల్వను మెచ్చుకున్నప్పుడు దాని పక్కన అతిథిని నిలిపిందన్న విషయం ఇక్కడ ప్రధానం.

3. డెల్టా గాదె: నిండిన చోటు, నిండని చోటు

కృష్ణా డెల్టాను నిత్యసమృద్ధికి మారుపేరుగా తలచడం ఆనకట్ట తర్వాతి అలవాటు. 1832-33లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన డొక్కల కరువు, విజయవాడ వద్ద ఆనకట్ట 1855లో పూర్తికావడానికి ఇరవై ఏళ్ల ముందటి సంగతి. అంతకు శతాబ్దాల ముందే, శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న అవసాన పద్యాలు బొడ్డుపల్లె గుత్త చేను పంటను కృష్ణ కొనిపోయిందని వాపోయాయి. నది పక్కన ఉండి పంట పోగొట్టుకున్న సేద్యగాని బాధ అది. పురి కట్టడం, గాదె నింపడం, ఏడాదికి సరిపడా చింతపండు, మిరపకాయలు, కందిపప్పు సిద్ధం చేసుకోవడం, వేసవిలో ఆవకాయ జాడీలు నింపడం వంటి అలవాట్ల వెనుక ఈ జ్ఞాపకం ఉంది. కాలువలు వచ్చి రెండు పంటలు పండినా అలవాటు నిలిచింది.

ఆ నిల్వకు సామాజికమైన లెక్క ఉండేది. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడే చాకలి, మంగలి, కుమ్మరి, వడ్రంగి మొదలైన వృత్తులవారికి మేరలు తీసేవారు. గాదెకు చేరేది ఆ తర్వాత మిగిలినది. దీనిని ఆదర్శ వ్యవస్థగా చిత్రించడం చరిత్రకు అన్యాయం. మేర కులవ్యవస్థలోని చాకిరీకి ప్రతిఫలం. పుచ్చుకునేవాని స్థానాన్ని ఏటేటా స్థిరపరచే ఏర్పాటు. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ నవల ‘మాలపల్లి’ ఈ విషయంలో గట్టి సాక్ష్యం. కూలి గింజల్లో ఇవ్వాలా, రొక్కంలో ఇవ్వాలా అన్న తగవు ఆ నవలలో కేవలం ఆర్థిక వివరం కాదు. ధరలు పెరిగిన కాలంలో గింజల బదులు డబ్బు ఇస్తే కూలివాని ఇంట్లో అన్నం తగ్గుతుంది, ఆసామి గాదెలో గింజ మిగులుతుంది. గాదె ఎవరిది, దానిలో పాలు ఎవరిది అన్న ప్రశ్నను తెలుగు నవల అప్పుడే వేసింది.

కనుక డెల్టా గాదెకు రెండు ముఖాలు. ఒకవైపు అతిథి, మేర, పెట్టుపోతలు. మరొకవైపు కూలివానికి దక్కని గింజ. ప్రవాసి ప్యాంట్రీని గాదెతో పోల్చే విమర్శ ఈ రెండింటినీ వెంట తీసుకురావలసి ఉంటుంది. మొదటిదాన్నే తెచ్చుకుంటే అది పల్లె జ్ఞాపకానికి పూత పూయడమవుతుంది.

4. గిడ్డంగి దుకాణం స్వభావం

గిడ్డంగి దుకాణం అమెరికాలో పుట్టిన ప్రత్యేక వాణిజ్య రూపం. 1976లో శాన్ డియాగోలో సోల్ ప్రైస్ పాత విమానాల షెడ్డులో ప్రైస్ క్లబ్‌ను ప్రారంభించాడు. తొలుత అది చిన్న వ్యాపారుల కోసం ఉద్దేశించినది. 1983లో సియాటిల్‌లో కాస్ట్‌కో, అదే ఏడు ఓక్లహోమాలో శామ్స్ క్లబ్ మొదలయ్యాయి. 1993లో ప్రైస్ క్లబ్, కాస్ట్‌కో విలీనమయ్యాయి. సాధారణ సూపర్ మార్కెట్‌లో పదివేల సంఖ్యలో రకాలు ఉంటే ఇక్కడ దాదాపు నాలుగు వేలే ఉంటాయి. రకం తక్కువ, పరిమాణం ఎక్కువ, లాభం స్వల్పం. సంస్థ లాభాలకు ఆయువుపట్టు సభ్యత్వ రుసుము. 2024 సెప్టెంబరు నుంచి అమెరికాలో కాస్ట్‌కో ప్రాథమిక సభ్యత్వానికి ఏడాదికి 65 డాలర్లు.

సాహిత్య విమర్శకు ఈ వివరాలు అవసరమవడానికి కారణం ఉంది. వ్యాపారి కోసం ఏర్పడిన పరిమాణం గృహస్థు వంటింట్లోకి వచ్చింది. విజయవాడ ఉదాహరణతో ఈ మార్పు స్పష్టమవుతుంది. గొల్లపూడిలోని మహాత్మాగాంధీ హోల్‌సేల్ వాణిజ్య సముదాయం వంటి టోకు బజారు ప్రధానంగా చిల్లర వర్తకులకు సరుకు అందించే చోటు. మామూలు కుటుంబం బస్తాల లెక్కన, డబ్బాల లెక్కన సరుకు తేవడమంటే ఇంట్లో పెళ్లో, గృహప్రవేశమో ఉన్నట్టు. అక్కడ పెద్ద పరిమాణం చాలామంది భోక్తలకు గుర్తు. ప్రవాస కథలో బండి నిండా సరుకు చూసి ‘ఇంట్లో పెళ్లేమైనా ఉందా’ అని తండ్రి అడిగే రకం సంభాషణను హాస్యంగా చదివి వదిలేయడం పరిపాటి. నిజానికి ఆ ప్రశ్నలో సామాజిక వ్యాకరణం ఉంది. ఇంత సరుకుకు ఇంతమంది తినేవాళ్లు ఉండాలి కదా, వాళ్లేరీ అన్నది ఆయన సందేహం. కొడుకు ఇచ్చే సమాధానం ధర గురించి ఉంటుంది. ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెప్పుకుంటున్నారు.

సభ్యత్వ నియమాలలో దీనికి తోడ్పడే వివరం మరొకటి ఉంది. ఒక సభ్యత్వంతో అదే చిరునామాలో నివసించే మరొకరికి కార్డు లభిస్తుంది. సభ్యుడు తనతో ఇద్దరు అతిథులను లోనికి తీసుకుపోవచ్చు. కాని డబ్బు చెల్లించి కొనే అధికారం సభ్యునిదే. కుటుంబమంటే ఒకే చిరునామా, అతిథి అంటే చూడగలిగి కొనలేనివాడు అన్న నిర్వచనాలు ఇక్కడ అమలులో ఉంటాయి. విష్ణుచిత్తుని ఇంట నిల్వకు ప్రయోజనమే అతిథి. ఇక్కడ అతిథి బండి వెంట నడిచే ప్రేక్షకుడు. తల్లిదండ్రులు ఈ అతిథి స్థానంలో నిలబడే సన్నివేశాలకు ప్రవాస కథలో అంత బరువు రావడానికి ఇదొక కారణం. కొడుకు ఇంటికి పెద్దదిక్కుగా రావలసినవారు సరుకు దగ్గర అతిథులవుతారు.

5. దృశ్యాన్ని చదివే మూడు పద్ధతులు

ప్రవాస రచనలోని ఈ సందర్భాన్ని స్థూలంగా మూడు విధాలుగా చదవవచ్చు.

మొదటిది వినిమయ సంస్కృతి పఠనం. అవసరానికి మించి కొనడం, పారేయడం, ఆ పైన అపరాధభావం దీని సూత్రాలు. ఇందులో నిజం లేకపోలేదు. గడువు తేదీ దాటిన డబ్బా ప్యాంట్రీ అడుగున దొరకడం ఈ కథనాలకు సహజమైన ముగింపు. అయితే ఈ పఠనం కొనుగోలు చేసేవారందరినీ ఒక్క గాటన కడుతుంది. నలుగురు విద్యార్థులు అద్దె పంచుకున్నట్టే బియ్యం, పాలు, నూనె పంచుకోవడానికి ఒక్కరి కార్డుతో కొనడమూ, పెద్ద ఇంట్లో ఇద్దరే ఉండి రెండో ఫ్రిజ్ నింపుకోవడమూ ఒకటి కావు. బండ్లు సమానంగా నిండినా వాటి కథలు వేరు.

రెండవది స్మృతి పఠనం. ప్యాంట్రీలో అమ్మమ్మ గాదెను, జాడీల వరసను చూసుకోవడం దీని పద్ధతి. ఇది చదవడానికి ఇంపుగా ఉంటుంది. దీని లోపం ఏమంటే గాదెకున్న రెండవ ముఖాన్ని మరుగుపరుస్తుంది. ఋతువు అనే తేడానూ వదిలేస్తుంది. గాదె ఏడాదికొకసారి నిండి రోజురోజుకూ తరుగుతుంది. శ్రావణ భాద్రపదాల నాటికి అడుగు కనిపిస్తుంది, కొత్త పంట కోసం ఎదురుచూపు మొదలవుతుంది. గిడ్డంగి దుకాణం అడుగు కనిపించనివ్వదు. తరుగు తెలియని నిల్వకు ఎదురుచూపు లేదు. ఎదురుచూపు లేనిచోట పండుగ బలహీనపడుతుంది. సంక్రాంతిని వారాంతానికి జరుపుకునే ప్రవాస కథల విషాదాన్ని క్యాలెండరు ఇబ్బందిగా మాత్రమే చూడటం చాలదు.

మూడవది ఈ వ్యాసం ప్రతిపాదించే పంపక పఠనం. కొన్న తర్వాత సరుకు ఏమయిందన్నది దీని ప్రశ్న. ఈ ప్రశ్న వేయగానే కథలు రెండు రకాలుగా విడిపోతాయి. కొన్ని కథలు బిల్లు దగ్గర ఆగుతాయి: మొత్తం ఎంతయింది, తండ్రి ఏమన్నాడు, కొడుకు ఏమనుకున్నాడు. మరికొన్ని ఇంటిదాకా వస్తాయి: పది పౌండ్ల ఉల్లిపాయల్లో మెత్తబడినవి ఏరడం, పెద్ద కట్టను చిన్న పొట్లాలు చేసి ఫ్రీజర్‌లో పెట్టడం, పొరుగింటి గర్భిణికి కొంత పంపడం, కొత్తగా వచ్చిన విద్యార్థికి డబ్బా కట్టి ఇవ్వడం. తిరగలి, రోకలి పని పోయినా, విభజించి భద్రపరచే పని పోలేదు. అది ఎక్కువగా ఇల్లాలి పని. కొనుగోలు దృశ్యం బిల్లుతో ముగిసే కథలో ఆ పని కనిపించదు. కనిపించకపోవడాన్ని విమర్శకుడు గమనించవలసి ఉంది. ఏ రచయిత దృశ్యాన్ని ఎక్కడ ఆపుతున్నారన్నది శిల్ప ప్రశ్నలా కనిపించే సామాజిక ప్రశ్న.

6. 2023 జులై: బియ్యం బస్తా పరీక్ష

పై ప్రతిపాదనను పరీక్షించడానికి ఇటీవలి సంఘటన ఒకటి ఉపకరిస్తుంది. 2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ వెంటనే అమెరికాలోని భారతీయ దుకాణాల ముందు బారులు తీరాయి. 20 పౌండ్ల సోనా మసూరి సంచుల కోసం తోపులాటలు జరిగాయి. కొన్ని దుకాణాలు కుటుంబానికి ఒక సంచి అని నియమం పెట్టాయి. బండిలో పది సంచులు వేసుకున్నవారి వీడియోలు తెలుగు నేలపై నవ్వులాట అయ్యాయి. 2024 సెప్టెంబరులో నిషేధం తొలగింది.

నవ్వినవారు దురాశను చూశారు. ఆ ఆత్రంలో దురాశ ఉన్న మాట నిజం. అయితే సంపన్న దేశంలో, తిండికి కొదవలేని చోట, ఒక రకం బియ్యం దొరకదన్న భయం ఎక్కడి నుంచి వచ్చిందన్నది సాహిత్య విద్యార్థికి ముఖ్యమైన ప్రశ్న. పలనాటిలో సన్నన్నం దొరకలేదని శ్రీనాథుని పేర వినిపించే చాటువుల్లోని అసహనం దీనికి పూర్వరూపం. జొన్న తినే నేలలో ఆకలి తీరదన్న భయం కంటే, తన అన్నం లేదన్న అలక ఆ చాటువుల్లో ధ్వనిస్తుంది. ఆ అలకలో జొన్న తినేవారిపట్ల చులకన కూడా ఉంది.

ఇక ‘మన బియ్యం’ అన్న మాట. సోనా మసూరి డెల్టా బిడ్డే. కృష్ణా పశ్చిమ డెల్టాలోని బాపట్ల పరిశోధన కేంద్రంలో రూపొందిన బి.పి.టి. 3291 రకం పేరు సోనా మసూరి. అక్కడే రూపొంది 1986లో విడుదలైన బి.పి.టి. 5204 సాంబ మసూరి. ఆ సంకేతంలోని మూడక్షరాలు బాపట్లకు గుర్తు. అయితే పేరులోని ‘మసూరి’ మలేషియా నుంచి వచ్చింది. తైవాన్‌లోని జపోనికా రకాన్ని మలయా రకంతో సంకరం చేయగా వచ్చిన వంగడం అక్కడ 1965లో మసూరి పేరుతో విడుదలైంది. తర్వాత ఆంధ్రకు చేరి, ఇక్కడి రకాలతో కలిసి కొత్త వంగడాలకు తల్లి అయింది. అమ్మమ్మ కాలం నాటిదిగా ప్రవాసి తలచుకునే అన్నపు రుచి వయసు అర్ధశతాబ్దానికి అటూ ఇటూ. తరతరాలదని తలచే జ్ఞాపకం, ఒక తరం కిందట వలస వచ్చి స్థిరపడిన గింజపై ఆధారపడి ఉంది. ప్రవాస సాహిత్యంలోని స్మృతిని తోసిపుచ్చడానికి ఈ వాస్తవం చెప్పడం లేదు. మూలం అన్నది స్థిరమైనదన్న భావనను సడలించడానికి ఇది సాయపడుతుంది. పరాయి గింజ డెల్టాలో మనది కాగలిగినప్పుడు, పరాయి దుకాణంలోని అలవాటు కూడా తెలుగు అనుభవంలో భాగం కాగలదు.

ఆ వారాల్లో ‘కుటుంబానికి ఒక సంచి’ అన్న నియమం పెట్టినది దుకాణదారు. పంపకం లేని నిల్వకు హద్దు బయటివారు గీయవలసి వచ్చింది. కళ్లంలో మేర తీసే పద్ధతికి ఎంత అన్యాయపు పునాది ఉన్నా, గింజ గాదెకు చేరకముందే పాలు విడదీయాలన్న నియమం అందులో ఉంది. ప్రవాస సమాజం తన కోసం అటువంటి నియమాన్ని, కులం పునాది లేకుండా, ఏర్పరచుకోగలదా అన్నది ఆ సంఘటన మిగిల్చిన ప్రశ్న. కథకు ఇది మంచి వస్తువు.

7. ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు మూడు. ఒకటి, గిడ్డంగి దుకాణపు కొనుగోలును పరిమాణం దృష్ట్యా మాత్రమే చూసే విమర్శ విద్యార్థి పంచుకునే బండినీ సంపన్నుని రెండో ఫ్రిజ్‌నూ వేరుచేయలేదు. రెండు, గాదెతో పోల్చే విమర్శ ‘మాలపల్లి’ వేసిన ప్రశ్నను విస్మరిస్తే పోలిక సగమే అవుతుంది. మూడు, దృశ్యం బిల్లు దగ్గర ఆగుతుందా, వంటింటిదాకా వస్తుందా, అక్కడి నుంచి మరొకరి ఇంటికి పోతుందా అన్న క్రమం ప్రవాస రచనలోని దృక్పథాన్ని పట్టిచూపే ప్రమాణం కాగలదు.

తెలుగు శాఖల్లో ప్రవాస సాహిత్యంపై వస్తున్న సిద్ధాంత గ్రంథాలు కథావస్తువులను ‘సంఘర్షణ’, ‘స్మృతి’, ‘అస్తిత్వం’ అన్న శీర్షికల కింద వర్గీకరించడంతో తృప్తిపడితే ఇటువంటి వివరాలు జారిపోతాయి. వెచ్చాలు, వాటి కొలతలు, వాటిని సర్దే చేతులు, పంచుకునే ఇళ్లు అన్న వరసలో ఆ కథలను తిరిగి చదివితే, డెల్టా నుంచి వెళ్లినవారు ఏమి పోగొట్టుకున్నారన్న పాత ప్రశ్నతో పాటు ఎవరికి ఏమి పెడుతున్నారన్న ప్రశ్నకూ సమాధానం దొరుకుతుంది.